దగ్గరి గడి, సరైన గడి

(సంఘ వార్షిక సమావేశంలో ఆదోనిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సమావేశంలో ఏదైనా సాంకేతిక విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. "మీ అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని చేసే పని ఏమిటో మాకు కూడా అర్థమయ్యేటట్టు చెప్పండి" అని ఒక షరతు కూడా పెట్టారు. మా రెండో అమ్మాయి హైదరాబాదులో చిప్పుల లేఅవుట్ డిజైన్ చేస్తుంది. నేను చేనేత శాఖలో సాంకేతిక సహాయకుడిగా చేరి, సర్వీసులో ఎక్కువ కాలం ఎమ్మిగనూరు మగ్గాల మధ్య గడిపి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ రెండు పనులకూ పొత్తు ఏమిటని మీరు అనుకోవచ్చు. పొత్తు ఉంది. రెండూ గళ్ల కాగితం మీద నడిచే పనులే.

గడి అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. మనందరి పింఛను లెక్క గళ్ల మీదనే వేశారు. మనం ఉద్యోగంలో ఉన్నప్పటి నిబంధనలు జ్ఞాపకం చేసుకోండి. పూర్తి పింఛనుకు 33 సంవత్సరాల అర్హ సర్వీసు, అంటే 66 అర్ధ సంవత్సరాలు. మన సర్వీసు ఏ రోజున ముగిసినా, లెక్క మాత్రం అర్ధ సంవత్సరాల గడిలో పడాలి. 28 సంవత్సరాల 3 నెలలు చేసినవాడికి 57 అర్ధ సంవత్సరాలు. 28 సంవత్సరాల 2 నెలల 29 రోజులు చేసినవాడికి 56. ఒక్క రోజు తేడాతో ఒక గడి పోయింది. ఆ బాధ అనుభవించినవారు ఈ సభలో కూడా ఉండే ఉంటారు.

ఇంకో నిబంధన చూడండి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల కరువు భృతిలో రూపాయికి లోపు భిన్నం వస్తే దాన్ని పై రూపాయికి పెంచి ఇస్తారు. అక్కడ 10 పైసలున్నా పై రూపాయే. ఇక్కడ దగ్గరి గడి చూడలేదు. పుచ్చుకునేవాడు నష్టపోకూడదని ముందే నిర్ణయించుకుని, ఎప్పుడూ పైకే సర్దారు. సర్దుబాటు ఒకటే అయినా పద్ధతులు రెండు. ఎటు సర్దాలన్నది అంకెను చూస్తే తెలియదు, ఆ అంకె మీద ఎవరి బతుకు ఆధారపడిందో చూస్తే తెలుస్తుంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది కూడా ఇంతే. మగ్గంలోనూ, చిప్పులోనూ దగ్గరి గడి అన్నివేళలా సరైన గడి కాదు.

ముందు మగ్గం సంగతి.

మన ఆదోని మార్కెట్టు యార్డులో పత్తిని తూస్తారు. క్వింటాలు, అర క్వింటాలు, పావు కిలో దాకా ఎంత చిన్నగానైనా తూయవచ్చు. అదే పత్తి నూలై ఎమ్మిగనూరు మగ్గం ఎక్కిన తరువాత దాన్ని తూచేవాడు లేడు, లెక్కపెడతాడు. అంగుళానికి ఇన్ని పడుగు పోగులు, ఇన్ని పేక పోగులు. అరపోగు అన్నది లోకంలో లేదు. కాబట్టి గుడ్డ మీద ఏ బొమ్మ కావాలన్నా అది పూర్తి పోగుల్లోనే కుదరాలి.

మన ఎమ్మిగనూరుకు నేతలో పెద్ద పేరు ఉంది. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. నూలు ఇవ్వడం, నేసిన గుడ్డ తీసుకోవడం, అమ్మకం చూడడం సంఘం చేతిలోకి వచ్చేసరికి నేతగాడికి ఒక ఆసరా దొరికింది. సంఘాల్లో నేత పెరిగినకొద్దీ ఒకే డిజైను అనేక మగ్గాల మీద ఒకేలా రావలసి వస్తుంది. అటువంటి చోట ఒకరి కంటి అంచనా చాలదు, కాగితం కావాలి. ఆ కాగితాన్నే మేము గ్రాఫు అనేవాళ్ళం.

గ్రాఫులో ఒక నిలువు వరుస ఒక పడుగు పోగు. ఒక అడ్డ వరుస ఒక పేక పోగు. గడి నింపితే పడుగు పైకి లేవాలని అర్థం, ఖాళీగా వదిలితే కిందే ఉండాలని అర్థం. చిత్రకారుడు తెల్ల కాగితం మీద మామిడి పిందెను ఎంతో వంపుగా, సొంపుగా గీసుకొస్తాడు. ఆ వంపు గ్రాఫు మీదికి వచ్చేటప్పటికి మెట్లు మెట్లుగా మారుతుంది. వేరే దారి లేదు. ఏ గడి నింపాలి, ఏ గడి వదలాలి అన్నదే గ్రాఫు గీసేవాడి విద్య.

దగ్గరి గడి నింపుకుంటూ పోతే సరిపోతుంది కదా అని కొత్తగా చేరినవారు అనుకుంటారు. సరిపోదు. ఎందుకు సరిపోదో నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది, కంటికి నదురుగా ఉండటం. వంపు మెట్లు 1, 1, 2, 3, 5 అని క్రమంగా పెరుగుతూ పోతే కన్ను దాన్ని వంపుగా చూస్తుంది. 2, 5, 2, 5 అని పడితే పిందె నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. విడివిడిగా చూస్తే ప్రతి గడీ దగ్గరిదే అయివుండవచ్చు. కలిపి చూస్తే బొమ్మ చెడుతుంది. అందుకే మంచి గ్రాఫు పనివాడు ఒక గడి దూరం జరిగినా సరే, క్రమం తప్పనివ్వడు.

రెండోది, గడి ఆకారం. అంగుళానికి 64 పడుగు పోగులు, 48 పేక పోగులు ఉన్న గుడ్డ అనుకోండి. చదరపు గళ్ల కాగితం మీద 64 గళ్ల వెడల్పు, 64 గళ్ల ఎత్తుతో గుండ్రటి పువ్వు గీస్తే, గుడ్డలో అది అంగుళం వెడల్పు, అంగుళంపావుకు పైగా ఎత్తు వస్తుంది. పువ్వు కాస్తా గుడ్డయి కూర్చుంటుంది. అందుకని పడుగు 8కి పేక 6 చొప్పున గీతలు కొట్టిన కాగితం వాడాలి. ఏ గుడ్డకు ఏ గళ్ల కాగితమో ముందే తేల్చుకోవాలి.

మూడోది, పోగు తేలిపోవడం. బొమ్మ కోసం వరుసగా చాలా గళ్లు నింపితే ఆ పోగు ఎక్కడా కట్టుబడక గుడ్డ మీద తేలుతుంది. మెట్టెకో, ఉంగరానికో తగులుకుని లాక్కొస్తుంది. అందుకని బొమ్మ అడగకపోయినా మధ్యమధ్య ఒక గడి వదిలి పోగును కట్టివేయాలి. ఎన్ని పోగులకు ఒకసారి కట్టాలన్నది నియమం. నియమం ముందు బొమ్మ తల వంచాలి.

నాలుగోది, పునరావృత్తి. 400 కొక్కేల జకార్డు మీద 50 పోగుల బుటా వేస్తే సరిగ్గా 8 సార్లు వస్తుంది. 48 పోగుల బుటా వేస్తే 8 సార్లు వచ్చి 16 కొక్కేలు మిగులుతాయి. అప్పుడు ఆ కొక్కేలు ఖాళీగా వదలడమా, బుటాకు పక్కన 2 పోగుల నేల కలిపి 50 చేయడమా అని ఆలోచించాలి. ఒక బుటా చివరి పోగు, పక్క బుటా మొదటి పోగు పొందికగా కలవకపోతే పన్నా పొడవునా ఒక చార కనిపిస్తుంది.

ఎమ్మిగనూరులో ఒక పెద్ద నేతగాడు నాతో అన్న మాట ఇప్పటికీ జ్ఞాపకం ఉంది. "సారూ, కాయితం మింద గడి తప్పితే మీరు రబ్బరుతో తుడిసేస్తారు. మగ్గం మింద తప్పితే నా వారం కూలి పోతాది" అన్నాడు. నేతగాడికి ముట్టేది గజాల లెక్కన కూలి. కాగితం దగ్గర తేల్చకుండా వదిలిన సర్దుబాటుకు మూల్యం మగ్గం దగ్గర చెల్లించవలసి వస్తుంది. ఎవరో గీసినదానికి ఇంకెవరో చెల్లిస్తారు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, చిప్పు దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

మధ్యలో కొంచెం చరిత్ర. గ్రాఫులోని ప్రతి అడ్డ వరుసకూ ఒక అట్ట. నింపిన గడికి రంధ్రం, ఖాళీ గడికి రంధ్రం లేదు. ఈ అట్టల యంత్రాన్ని ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసఫ్ మరీ జకార్డు 1804లో తయారుచేశాడు. అంతకు ముందు బూషాన్, ఫాల్కన్, వొకాన్సన్ వంటివారు వేసిన బాటలోనే ఆయన నడిచాడు. ఆ అట్టలు చూసే ఇంగ్లాండులో చార్లెస్ బాబేజ్ 1830లలో తన లెక్కల యంత్రానికి రంధ్రాల అట్టలు వాడాలని తలపోశాడు. అమెరికాలో హెర్మన్ హొలెరిత్ 1890 జనాభా లెక్కలను రంధ్రాల అట్టలతో తేల్చాడు. తరువాత ఎన్నో దశాబ్దాలు కంప్యూటర్లకు మేత ఈ అట్టలే. అంటే కంప్యూటరు మన మగ్గానికి దూరపు చుట్టమే.

ఇప్పుడు మా అమ్మాయి పని.

చిప్పు అంటే గోరంత సిలికాను పలక మీద పొరలు పొరలుగా వేసిన బొమ్మ. ఒక పొరలో ట్రాన్సిస్టర్లు, వాటి పైన లోహపు తీగల పొరలు. ఒక్కో పొరకు ఒక్కో అచ్చు. దాన్ని మాస్క్ అంటారు. ఆ అచ్చులోంచి కాంతిని పంపి పలక మీద బొమ్మ దింపుతారు. ఏ పొరలో ఏ ఆకారం ఎక్కడ ఉండాలో గీయడమే లేఅవుట్. మన ఇళ్ళలో వాకిట్లో వేసే చుక్కల ముగ్గులాంటిదే అనుకోండి. చుక్కలు ముందు, గీతలు తరువాత.

పూర్వం ఇది కూడా చేతిపనే. 1971లో ఇంటెల్ సంస్థ తెచ్చిన 4004 అనే చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు. దాని బొమ్మను పెద్ద కాగితాల మీద చేత్తో గీసి, పారదర్శకమైన పలక మీదున్న ఎర్రటి పొరను కత్తితో కోసి, ఫోటో పద్ధతిలో చిన్నది చేసేవారు. కంప్యూటరు తెర మీద గీయడం, గీసేటప్పుడు మొన దానంతట అదే దగ్గరి గీతకు అంటుకోవడం అన్నవి 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే కనబడ్డాయి. ఇలా అంటుకోవడాన్ని ఇప్పుడు స్నాప్ అంటారు. తెర మీద కనబడని గళ్లుంటాయి. బాణం గుర్తును ఎక్కడ వదిలినా అయస్కాంతం లాగినట్టు దగ్గరి గడి మూలకు పోయి కూర్చుంటుంది.

1980లో కార్వర్ మీడ్, లిన్ కాన్వే అనే ఇద్దరు ఒక పుస్తకం రాసి, చిప్పు కొలతలన్నీ లాంబ్డా అనే ఒకే కొలమానంలో చెప్పే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. తీగ వెడల్పు ఇన్ని లాంబ్డాలు, తీగకూ తీగకూ మధ్య ఎడం ఇన్ని లాంబ్డాలు. లాంబ్డా విలువ మారిస్తే అదే బొమ్మ చిన్న చిప్పుకూ పనికివస్తుంది. మా అమ్మాయి ఇది చెప్పినప్పుడు నాకు ఏమీ కొత్తగా అనిపించలేదు. మన గ్రాఫులోనూ అంగుళాలు ఉండవు, పోగులే ఉంటాయి. అదే గ్రాఫు 40 నంబరు నూలుతో నేస్తే పెద్ద బుటా, 80 నంబరుతో నేస్తే చిన్న బుటా.

చిప్పు గడి ఎంత ఉంటుంది? ఉదాహరణకు స్కైవాటర్ అనే అమెరికా సంస్థ, గూగుల్ కలిసి 2020లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన 130 నానోమీటర్ల పద్ధతిలో గడి 5 నానోమీటర్లు. తలవెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు అనుకుంటే, అందులో 16 వేలవ వంతు. ప్రతి ఆకారం ప్రతి మూలా ఈ గడి మూల మీదనే ఉండాలి. మధ్యలో పడితే అచ్చు తయారుచేసే యంత్రం తనకు తోచిన వైపు సర్దుకుంటుంది. ఎటు సర్దిందో గీసినవాడికి తెలియదు. అందుకే అచ్చుకు పంపకముందే సర్దాలి.

ఇక్కడ మన పాత చిక్కే మళ్ళీ వస్తుంది. మూడు చిన్న లెక్కలు చెబుతాను. పెన్ను, కాగితం ఉంటే చాలు.

రెండు తీగల అంచులు 13 నానోమీటర్ల దగ్గర ఒకటి, 17 దగ్గర ఒకటి ఉన్నాయనుకోండి. మధ్య ఎడం 4. ఎంత చిన్నదైనా ఎడం ఎడమే. 5 గుణిజాల్లో 13కు దగ్గరిది 15. 17కు దగ్గరిది కూడా 15. దగ్గరి గడికి సర్దితే రెండు అంచులూ ఒకచోటికి వచ్చి తీగలు కలిసిపోయాయి. విడివిడిగా చూస్తే రెండు సర్దుబాట్లూ న్యాయమైనవే. కలిపితే కరెంటు షార్టు.

రెండో లెక్క ఏటవాలు తీగ. 45 డిగ్రీల వాలులో 100 నానోమీటర్ల వెడల్పు పట్టీ గీయాలి, అంతకు తక్కువ ఉండరాదని నియమం. దాని మూలలు అడ్డంగా, నిలువుగా 70.71 చొప్పున జరిగి ఉండాలి. దగ్గరి గడి 70. అక్కడ పెడితే పట్టీ వెడల్పు 99కి కాస్త తక్కువవుతుంది. నియమం తప్పింది. కాబట్టి దూరంగా ఉన్నా 75 గడికే పోవాలి. అప్పుడు వెడల్పు 106. కరువు భృతిలో 10 పైసలకు పై రూపాయి ఇచ్చినట్టే.

మూడో లెక్క మన బుటా లెక్క. ఒకే ఆకారాన్ని 102 నానోమీటర్ల కొకటి చొప్పున వరుసగా పెట్టాలి. అవి 102, 204, 306, 408 దగ్గర పడాలి. దగ్గరి గడికి సర్దితే 100, 205, 305, 410 అవుతాయి. మధ్య దూరాలు 105, 100, 105. ఒకేలా ఉండవలసిన కవలలు ఒకేలా లేరు. కొలిచే యంత్రాల్లో, రేడియోల్లో వాడే చిప్పులకు ఈ సరితూకం చాలా ముఖ్యం. మందు ఒక్కటే. అసలు 102 అనే దూరాన్నే మొదట్లో 105గా పెట్టుకోవాలి. 48 పోగుల బుటాను 50 చేసినట్టు.

"సాఫ్ట్‌వేరు ఇవన్నీ చూసుకోదా అమ్మా?" అని నేను అడిగాను. "చూసుకుంటుంది నాన్నా. దగ్గరి గడికి క్షణంలో లాగేస్తుంది. నియమం తప్పితే ఎర్ర గుర్తు కూడా పెడుతుంది. కానీ ఏది జరిపితే ఏది చెడుతుందో, ఏది చెడినా పరవాలేదో, ఏది చెడకూడదో చెప్పడానికే నాకు జీతం ఇస్తున్నారు" అంది. మా కాలంలో గ్రాఫు పనివాడికి ఇచ్చిన జీతమూ దానికే. కొత్త తరం చిప్పుల మాస్కుల ఖర్చు కోట్ల రూపాయల్లో ఉంటుంది. ఒకసారి అచ్చుకు వెళ్ళిన తప్పు నెలల తరువాత గాని బయటపడదు. నేతగాడు వారం కూలి అన్నాడు, వీళ్ళు నెలలు, కోట్లు అంటారు. అంకె మారిందే గాని మాట మారలేదు.

ఇంకొక విచిత్రం. చిప్పులు చిన్నవైనకొద్దీ వంపులు, ఏటవాలు గీతలు తగ్గిపోతున్నాయి. సరికొత్త పద్ధతుల్లో లోహపు తీగలు ఒక పొరలో అన్నీ అడ్డంగా, దాని పై పొరలో అన్నీ నిలువుగా, ముందే నిర్ణయించిన బాటల మీద పోతాయి. అడ్డానికీ నిలువుకూ బాటల ఎడం వేరువేరుగా ఉండవచ్చు, 64 పోగులకు 48 పోగులు ఉన్నట్టు. మా అమ్మాయి తెర మీద చూపించినప్పుడు, "ఇది పడుగు, ఇది పేక" అని నేను వేలు పెట్టి చూపించాను. అది నవ్వి, తనతో పనిచేసే పిల్లలకు కూడా ఆ మాట చెప్పిందట.

మిత్రులారా, ఈ విషయం మీ ముందు పెట్టడానికి ఒక కారణం ఉంది. 2009-10 చేనేత గణనలో దేశంలో చేనేత కార్మికులు 43 లక్షల పైచిలుకు. 2019-20 గణనలో 35 లక్షలకు పైన. పదేళ్ళలో 8 లక్షల మంది తగ్గారు. నేసే చేయి తగ్గితే గ్రాఫు గీసే చేయి ఇంకా ముందే తగ్గుతుంది. ఎందుకంటే గీసేవాళ్ళు మొదటినుంచీ కొద్దిమందే. ఇంకోపక్క 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం చిప్పుల తయారీకి 76 వేల కోట్ల రూపాయల పథకానికి ఆమోదం ఇచ్చింది. బెంగుళూరులో 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ రాకతో మొదలైన చిప్పు డిజైను పని ఇప్పుడు హైదరాబాదులోనూ వేళ్ళూనుకుంది. మన ప్రాంతపు పిల్లలు, అందులో నేత కుటుంబాల పిల్లలు కూడా ఆ చదువులకు పోతున్నారు. తాతది వెనకబడిన పని, తమది కొత్త పని అని వాళ్ళు అనుకుంటున్నారు. తాతలు కూడా అలాగే అనుకుని నోరు మెదపడం లేదు. ఈ మౌనం వల్ల రెండు పక్కలా నష్టమే.

చిప్పు ఉద్యోగం వస్తుందని మగ్గం నిలబడదు, అంత తేలిక మాట నేను చెప్పను. నేతగాడికి కావలసింది గిట్టుబాటు కూలి, సకాలంలో నూలు, గుడ్డకు బేరం. ఆ సంగతులు వేరే సభలో వేరేగా మాట్లాడుకోవలసినవి. కానీ ఆ పనిలోని బుద్ధి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేకుండా పాత కాగితాలతో పాటు తూకానికి పోవడం మాత్రం మనం ఆపగలం.

అందుకని నావి మూడు విన్నపాలు. ఒకటి, మీ ఇంట్లో గాని, మీ ఎరికలో గాని పాత గ్రాఫులు, అట్టల కట్టలు ఉంటే దయచేసి పారేయకండి. ఒక్కో కాగితం వెనక అది ఏ గుడ్డకు వేసిందో, అంగుళానికి ఎన్ని పోగులో, ఏ నంబరు నూలో పెన్సిలుతో రాసి పెట్టండి. ఆ మూడు ముక్కలు లేకపోతే గ్రాఫు ఉన్నా అర్థం కాదు. రెండు, గ్రాఫు గీసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉంటే, ఫలానా చోట దగ్గరి గడి వదిలి దూరపు గడి ఎందుకు నింపారని అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. మన సంచికలో అచ్చువేయడానికి సంపాదకులు సిద్ధంగా ఉన్నారు. మూడు, సెలవులకు ఇంటికి వచ్చే మనవళ్ళను, మనవరాళ్ళను ఒక పూట ఎమ్మిగనూరుకు తీసుకువెళ్ళి మగ్గం పక్కన కూర్చోబెట్టండి. వాళ్ళు చేసే పని ఏమిటో మీరు అడగండి. సిగ్గుపడకండి. పడుగు, పేక తెలిసినవారికి వాళ్ళు చెప్పేది తప్పకుండా అర్థమవుతుంది.

 బయట భోజనాలకు వేళయింది. పెద్దవాళ్ళను ముందు కూర్చోబెట్టవలసిందిగా కార్యకర్తలను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.